బయటికి చూసే కన్ను

పలమనేరు నర్సరీలో నూటిరవై రూపాయలు.
నల్ల కవరు, మూడు కొమ్మలు, మెడలో చీటీ.
ఇల్లు చేరేలోగా చీటీమీద పేరు నా చెమటకు చెరిగి
'హైబ్రిడ్ టీ' అన్నంత మటుకు మిగిలింది.
టీ అన్నారు గదా అని
నెల రోజులు టీ పిప్పే వేశాను మొదట్లో.
ఫోన్లో నవ్వాడు ఖాదర్ వలీ.
"వెయ్యి చెంగమ్మక్కా, తప్పేం లేదు, పేడెరువు కూడా వెయ్యి.
వానలు తగ్గినాక మాత్రం మోకాలెత్తుకు కత్తిరించాల.
జాలి పడొద్దు."

జాలి పడొద్దంట. ఎవరికి చెప్పేది?
కల్యాణకట్టలో పదకొండేళ్ళు నాకు.
టోకెనూ అరబ్లేడూ చేతికిచ్చి తల వంచిన వాళ్ళు
ఎంతమందో నా మునివేళ్ళకే ఎరిక.
పిరుదులు దాటిన జడలు,
జబ్బు చేసి లేచినవాళ్ళ పల్చని పాయలు,
పుట్టువెంట్రుకలు, అవైతే పట్టుకున్నా ఉన్నట్టే ఉండవు.
ఏడ్చే పిలకాయలకి ఒకే మాట:
"మళ్ళా వస్తాయిలే నాయినా, ఇంకా ఒత్తుగా."

అట్లాంటిదాన్ని,
మార్గశిరంలో ఒక సెలవునాడు
జీవకోన ఇంటిముందర, సిమెంటు తొట్టి పక్కన
కత్తెర పట్టుకుని గంటసేపు కూర్చున్నా.
చిగురు ఎర్రగా, పసిబిడ్డ చెవి మాదిరి.
తల అయితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు.
కొమ్మకు కన్ను వెతకాలంట,
లోపలికి చూసేది కాదు, బయటికి చూసే కన్ను.
దానికి పావంగుళం పైన,
నీళ్ళు జారేట్టు ఏటవాలుగా.

అంటు కింద నుంచి ఏడాకుల కొమ్మ ఒకటి
దూకుడుగా లేచింది. భలే ఏపు అనుకున్నా.
"అది అడివి గులాబక్కా, పీకెయ్.
కింద మోసేది అదే, పైన పూసేది వేరే."
పీకాను. ముల్లు గోటి కిందికి దిగింది.
మోసేదానికి చీటీ ఉండదు.

నలభై ఆరో రోజు విచ్చుకుంది.
రథసప్తమి. సెలవుల్లేవు, రెండు షిఫ్టులు.
తెల్లారుజామున మూడున్నరకి బస్సుకు పోతా పోతా
సెల్లు లైటు వేసి చూశాను.
మూరెడు కాడ, కొసన ఒక్కటే పువ్వు.
బయటి రేకులు వెనక్కి మడిచి
నడుమ ఇంకా గుట్టు విప్పకుండా,
మీగడ రంగు, అంచున మాత్రం గాజుల ఎరుపు.
తల్లో పెట్టుకుంటే అలిపిరి దాకానే.
పైన పూలన్నీ సామివే, ఎవరూ పెట్టుకోరు.
అలిపిరి దాకా ఇరవై నిమిషాలు.
తెంపడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చేసరికి
గోడమీద కోతి ఒకటి
ఒక్కో రేకూ వలిచి తింటా ఉంది, తొందర లేకుండా.
రాయి తీశాను. మళ్ళా దించేశాను.
నున్నటి కాడ మిగిలింది.
గడపమీద కూలబడితే నవ్వొచ్చింది.
అంత నున్నగా నేనుగూడా గొరగలేను.

చెయ్యి కడుక్కుని కత్తెర తెచ్చుకున్నా.
ఐదాకుల రెబ్బ మొదట్లో
ఆవగింజంత కన్ను ఒకటి
వీధివైపు చూస్తా ఉంది.