నూకల డబ్బా

రాత్రి తొమ్మిదిన్నరకి సైకిలు తోసుకుంటూ వచ్చింది నేజా.
స్లొవేనియా అట. గోడ మీది పటంలో చూపించింది,
వేలిగోరు కింద దాక్కుంది దేశమంతా.
పదింటికి నేను బేకరీలో ఉండాలి.
గ్యుమ్రీకి తెల్లారి రొట్టె కావాలంటే
ఎవరో ఒకరు తమ రాత్రిని పొయ్యిలో పెట్టాలి.

అరగంటలో ఏం పరిచయమవుతుంది?
వేడినీళ్ళ కుళాయి ఎడమకు తిప్పు,
కాసేపు దగ్గుతుంది, భయపడకు.
ఆ పిల్లి నాది కాదు, అయినా వస్తుంది.
ఇదిగో తాళంచెవి. రెండోది నా దగ్గరుంది.
(ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందేమో.)
ఆమె నా పేరు రెండుసార్లు పలికి చూసింది,
తాతుల్, తాతుల్,
వేడి టీ ఊదుకున్నట్టు.

పైసా పుచ్చుకోను. అది ముందే అనుకున్న మాట.
నిరుడు బటూమీలో ఒక పళ్ళడాక్టరు ఇంట్లో పడుకున్నాను నేను.
అంతకుముందు ఆ డాక్టరు ఇంకెవరి పరుపు మీదో.
ఎవరి బాకీ ఎవరికి తీరుతుందో
ఏ షావుకారూ రాసుకోని లెక్క ఇది.

పెద్ద మాటలే.
ఆమె స్నానానికి వెళ్ళగానే నేనేం చేశానో కూడా చెప్పాలిగా.

అలమరలోంచి అమ్మ ఉంగరం తీశాను.
సన్నటి బంగారం, రవ్వంత ఎర్రరాయి.
ఎనభై ఎనిమిది డిసెంబరులో ఇల్లు కూలితే
అమ్మతో పాటు రాళ్ళలోంచి బయటికొచ్చిన ఒకే ఒక్క వస్తువు.
పరుపు కింద పెడదామంటే పడుకునేది ఆమె.
గోధుమనూకల డబ్బాలో మోచేతిదాకా చెయ్యి దించి
అడుగున వదిలేశాను.
తడిజుట్టుతో బయటికొచ్చి నిలబడ్డ మనిషితో
"నీ ఇల్లే అనుకో" అన్నాను.
నూకల పొడి నా మణికట్టు మీద అలాగే ఉంది.

"తాళంచెవి ఇచ్చొచ్చావా?" అన్నాడు అనుషవాన్, పిండి పిసుకుతూ.
"పొద్దునకి ఇల్లు కూడా సైకిలుకి కట్టుకుపోతుంది."
నవ్వాను.
ఆ రాత్రి నాలుగు రొట్టెలు మాడ్చాను.

ఏడింటికి, చంకలో వేడిరొట్టె.
తాళం తిరిగింది. తలుపు కదల్లేదు.
లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు.
"నేనే" అన్నాను, నా ఇంటికి నేనే పరాయివాణ్ణై.
అప్పుడు కుర్చీ ఈడ్చిన చప్పుడు.

తలుపు నుంచి బల్ల దాకా
చెక్కనేల మీద రెండు తెల్లటి కొత్త గీతలు.
రాత్రంతా ఆ కుర్చీ
నన్ను రానివ్వకుండా కాపలా కాసిందన్నమాట,
నా కుర్చీయే.

ఇల్లంతా వెన్నలో వేగిన ఉల్లిపాయ వాసన.
బల్ల మీద పళ్ళెం మూతపెట్టిన గిన్నె.
పక్కన సాసర్లో
శుభ్రంగా కడిగి
అమ్మ ఉంగరం.

"రాత్రంతా పనిచేసి వస్తావు కదా,
నూకలు కనబడితే వండాను" అంది,
తనకొచ్చిన కాసింత రష్యన్‌లో, మిగతాది చేతులతో.
ఉంగరం మాట ఎత్తలేదు.
నేను కుర్చీ మాట ఎత్తలేదు.
ఆమె సాసర్ వైపు చూడలేదు, నేను నేల వైపు చూడలేదు,
అంటే ఇద్దరం అన్నీ చూశాం.

నా ఇంట్లో ఆమెకి నూకలు రాసిపెట్టి ఉన్నాయి కాబోలు.
వాటి అడుగున ఉన్న నా సిగ్గు కూడా
ఆమె చేతికే తగలాలని రాసి ఉంది.

ఆ కుర్చీనే నా వైపు జరిపింది.
కూర్చున్నాను.
ఉప్పు కొంచెం ఎక్కువైంది. రెండోసారీ వడ్డించుకున్నాను.
ఆమె రొట్టె చివర విరిచి
మాడిన చోటే ముందు కొరికింది.

వెళ్ళాక ఒకరి గురించి ఒకరు రెండు ముక్కలు రాయాలి, అది ఆనవాయితీ.
"వంట బాగా చేస్తుంది" అని రాశాను.
"కుళాయి దగ్గుతుంది, మనిషి మంచివాడు" అని రాసింది.
రెండూ అబద్ధాలు కావు.

నేల మీది గీతల్ని పాలిష్ పెట్టి చెరపలేదు.
గురువారం మళ్ళీ ఎవరో ఇద్దరొస్తున్నారు.

ఉంగరం ఇప్పుడెక్కడ పెట్టానంటారా?
చెప్పను. మీరెవరో నాకింకా తెలీదు.
తాళంచెవి మాత్రం,
ఇదిగో.