స్కిర్మంతే లెక్క

మా హాకీ సమాఖ్య ఆఫీసంటే
ష్యౌలై పట్నంలో టైర్ల కొట్టు పైన ఒక గది.
మంగళవారం సాయంత్రాలు జీతం లేకుండా
పాత మ్యాచుల కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను.
ఒకప్పటి గోలీని.
ఏది వచ్చినా అడ్డం పడటం అలవాటు.

ఈ వారం ఇద్దరు ఆటగత్తెలు దొరికారు.
బుర్క్షైతే: అరవై ఒక్క మ్యాచులు, మూడు గోల్స్.
స్తుల్గియెనే: నలభై మూడు, ఒక్క గోల్.
మొదటామె ఒక జూలైలో మాయమైంది.
రెండో ఆమె ఆ ఆగస్టులోనే పుట్టింది,
పుడుతూనే ఇరవై ఏడేళ్ళు,
వీపు మీద అదే పన్నెండో నంబరు.

లిథువేనియాలో పెళ్ళయితే
ఆడదాని ఇంటిపేరుకి తోక మారుతుంది.
ఆ సంగతి యంత్రానికి తెలియదు పాపం.
ఇద్దర్నీ ఒకర్ని చేయాలంటే సాక్ష్యం కావాలట.
ఇంకెవరున్నారు, నేనే.
పద్నాలుగేళ్ళు ఆ వీపునే చూస్తూ నిలబడ్డాను.
పెళ్ళిరోజు ఆమె మోచేతి నీలం మచ్చ మీద
పౌడరు అద్దింది కూడా నేనే.
అయినా ఫొటోలో కనబడుతుంది.

అవతలి జట్టుకి పెనాల్టీ కార్నర్ వస్తే
గోల్ గీత మీద మేం ఐదుగురం,
మొహాలకి మాస్కులు, మోకాళ్ళకి దిళ్ళు.
బంతి కదిలిందా, అందరికీ తలో చోటు.
స్కిర్మంతేకి చోటు లేదు, దారి ఉంది.
బంతి ఏ దారిన రాబోతోందో
ఆ దారినే, అది బయల్దేరకముందే
దానికి ఎదురెళ్ళాలి.
బుద్ధున్న ఒళ్ళు పక్కకి తప్పుకుంటుంది.
ఆ బుద్ధిని ఆమె బస్సులోనే వదిలేసి దిగేది.

బస్సంటే గుర్తొచ్చింది.
వియన్నాకి ఇరవై రెండు గంటలు.
కాళ్ళ దగ్గర నల్లరొట్టె, ఉడికించిన గుడ్లు,
వెనక సీట్లో ఎవరో పిల్ల
పరీక్షకి ఎక్కాలు పెట్టినట్టు చదువుతూ ఉండేది.
ఒకసారి దారిలో పోలీసు కర్రల సంచి విప్పించాడు.
హాకీ అన్నాం.
మరి మంచేదీ అన్నాడు.
పచ్చిక మీద ఆడతామంటే నవ్వాడు.
మా ఊళ్ళోనూ నవ్వుతారు లెండి.
బాస్కెట్‌బాల్ ఓడిన రాత్రి ఏ ఇంటా ముద్ద దిగదు,
మేం గెలిస్తే పేపర్లో రెండు లైన్లు,
రేపటి వానకి కింద.

పగలు సైకిళ్ళ ఫ్యాక్టరీలో
చక్రాలకి ఊచలు బిగించేది.
కొలత కర్ర తాకేది కాదు,
గోటితో మీటి చెవి ఒగ్గేది.
టింగుమంటే సరే,
టంగుమంటే మళ్ళీ విప్పడమే.

ముప్పై మూడో ఏట మోకాలు టంగుమంది.
ఆ పరుగు ఇంకో పిల్లకిచ్చారు.
బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూచుంది.
అవతలివాళ్ళకి కార్నర్ అని విజిల్ పడగానే
దుప్పటి కింద కుడికాలు
ఎవరూ చెప్పకుండానే ఒక అడుగు ముందుకేసింది.
చూసింది నేనొక్కదాన్నే.
చూడకూడని సమయం,
బంతి నా ఎడమ పక్కనుంచి దూరిపోయింది.

ఈ పట్టికలో గోల్స్‌కి గడి ఉంది,
పచ్చకార్డుకి ఉంది, నిమిషాలకి ఉంది.
పడబోయి పడని గోల్ ఎక్కడ రాయను?

ఫోన్ చేశాను. వెనక ఫ్యాక్టరీ రొద.
నిన్ను నీతో కలిపేశానే, మొత్తం నూట నాలుగు అన్నాను.
కాసేపు ఏమీ వినబడలేదు.
నూట ఐదు, అంది.
గ్దాన్స్క్‌లో వానకి సగంలో ఆపేశారు చూడు,
అది మర్చిపోయావా?
ఆగిన ఆట లెక్కలోకి రాదే, రూలు.
నా రెండు పళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి, అంది,
మరి వాటికేం రూలు?

నూట నాలుగే ఉంచాను.
దీపం ఆర్పబోయి, ఆగి,
ఆ తడిసి ఆరిన కాగితం వెతికి
అడుగున పెన్సిలుతో రాశాను:
పన్నెండో నంబరు,
రెండు పళ్ళు.