పర్యాయపదం

గదంతా స్పిరిట్ వాసన.
అంతాననారివోలో జూలై అంటే చలికాలం,
కిటికీ అద్దం మీద ఆవిరి పొర.
సూక్ష్మదర్శిని మీదికి వంగి
మియాంగలి లెక్కపెడుతోంది, పెదవి కదలకుండా:
పై పెదవికి పొలుసులు పదకొండు,
కింది పెదవికి తొమ్మిది,
నాలుగో వేలి అడుగున మడతలు పద్నాలుగు.
మళ్ళీ మొదటికి.

ఎడమ పక్క సీసాలో ఆమె గురువు పట్టిన బల్లి.
ముప్పై ఒక్క ఏళ్ళ కింద, తూర్పు కొండల్లో,
నాచు పట్టిన బెరడు ఊపిరి తీసుకుంటుంటే చూసి
టార్చి పళ్ళ మధ్య కరుచుకుని
రెండు చేతులా అందుకున్నాడు జాఫిమహేరి.
కొండ దిగేసరికి ఎదురొచ్చిన ఎడ్లబండి మనిషి
టోపీ తీసి నిలబడ్డాడు.
జ్వరం. నాలుగేళ్ళ పిల్ల. అప్పటికే వారమైంది.

బల్లికి కూతురి పేరు పెట్టాడు.
సువానిరిన.
లాటిన్ పద్ధతిలో చివర ఒక ఏత్వం చేర్చాలి: సువానిరినే.
వాళ్ళ వ్యాకరణంలో దానికి "ఆమెది" అని అర్థం.
నా తెలుగు చెవికి మాత్రం "ఆమే" అని వినిపిస్తుంది,
ఇంకెవరూ కాదు, ఆమే అని.

కుడి పక్క సీసా మొన్ననే పారిస్ నుంచి వచ్చింది, రంపపు పొట్టులో.
ఎవరో ఓడ వైద్యుడు, 1889.
తోక లేదు, రంగు లేదు, ఊరు తప్పు.
పక్క దీవి పేరు రాశాడు మహానుభావుడు,
అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ పోల్చి చూడలేదు.
మొత్తం నాలుగు వాక్యాల వర్ణన,
అందులో ఒకటి వాతావరణం గురించి.
అయినా ముందు పుట్టిన పేరుదే పెద్దరికం.
పదకొండు. తొమ్మిది. పద్నాలుగు.

ప్రతి గురువారం వస్తాడు ముసలాయన
శుక్లాల కళ్ళతో, జేబులో వేయించిన వేరుశనగలతో.
చెప్పేసింది. డొంకతిరుగుడు లేకుండా.
"తిరిగి లెక్కపెట్టావా?"
"ఏడుసార్లు."
"నాలుగో వేలు?"
"అదీ."
అరచేతిలో పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాడు కాసేపు.
"పేరు కొట్టేస్తారా?"
ఆయనకు తెలియని నియమమా అది!
"కొట్టెయ్యరండీ. పాత పేరు కింద,
కాస్త లోపలికి జరిపి,
చిన్న అక్షరాల్లో ఉంచుతారు. పర్యాయపదంగా. ఎప్పటికీ."
"లోపలికి జరిపి," అన్నాడు,
నిద్రపోతున్న పిల్లని
మంచం అంచు నుంచి గోడవైపు జరిపినంత మెల్లగా.
"రాసెయ్యి. ఆలస్యం చేస్తే అబద్ధమైపోతుంది."

తర్వాత ఎడమ సీసా అడిగాడు.
మూత తీస్తే కళ్ళు మండాయి ఇద్దరికీ.
బల్లి కాలికి చీటీ కట్టిన దారం వదులైంది.
వేళ్ళకు కనబడినంత మేరకు
విప్పి, నీళ్ళు చుక్క అద్ది, మళ్ళీ ముడేశాడు.
చీటీ ఆమె చదివింది:
మార్చి పన్నెండు, రాత్రి తొమ్మిది,
ఎత్తు ఎనిమిది వందల మీటర్లు, చిరుజల్లు.
ఆయన విన్నాడు.
"ఈల వేస్తూ కట్టాను దీన్ని," అన్నాడు.