తరుగు

బెల్లం మండీలో పద్దు రాసేదాన్ని నేను,
చిత్తూరులో, పదకొండేళ్ళుగా,
చెంగల్రాయ నాయుడి గద్దె పక్కన చాప మీద.
దిమ్మె కాటాకెక్కుతుంది. బరువు అరుస్తారు.
అరిచిన బరువులోంచి తరుగు కొట్టేసి రాస్తాను.
ఎండకింత, చెమ్మకింత, చీమలకింత.
ఇదేం లెక్కని ఏ రైతూ అడగడు.
అడిగితే మాత్రం ఎవురు చెప్తారు?

చేతికి పట్టిన అలవాటు.
విడాకులకి కూడా ఒక పద్దు తెరిచినాను,
పాత చిట్టాలో మిగిలిపోయిన కాయితాల్లో.

వకాలత్తు మీద అంటించిన స్టాంపులు.
దొరస్వామి వకీలుకి మొదటి ఫీజు ఎనిమిది వేలు, రసీదు లేదు.
వాయిదాకి ఐదొందలు, ఆయన రాకపోయినా.
టైపు కొట్టే కస్తూరికి పేజీకి ముప్పై.
నా కాపురం పదమూడు పేజీలయ్యింది,
ఊరి పేరు తప్పు పడిందని ఒక పేజీ మళ్ళా కొట్టింది,
దానికీ ముప్పై.
పెండ్లి పత్రిక జిరాక్సు:
వినాయకుడు ముఖం లేకుండా నల్లగా వచ్చినాడు.

ఎందుకు విడిపోయినారని అందరూ అడుగుతారు.
ఆ పదమూడు పేజీల్లో ఉంది.
చదివితే నాకే కొత్తగా ఉండింది.

వాయిదా రోజు కూలి పోతుంది గదా,
అది ఖర్చు కింద రాయాల్నా, నష్టం కింద రాయాల్నా
అని నాయుడినే అడిగినా.
కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.
"ఆ రోజులు కొట్టెయ్యన్లే" అన్నాడు.
కొట్టెయ్యలేదు.
దీపాలు పెట్టే యాళ దాకా కూర్చోమన్నాడు, అంతే.

పెనుమూరు నించి ఎనిమిదింటి బస్సు తప్పితే
వాయిదా తప్పినట్టే.
నేను అక్క ఇంటి నించి, మునిరత్నం ఆయనింటి నించి,
ఇద్దరం అదే బస్సు.
మొదటి వాయిదాకి కండక్టరు
మమ్మల్ని ఎప్పటినించో ఎరిగినవాడు,
ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు కొట్టి ఆయన చేతికిచ్చినాడు.
నా వంతు చిల్లర ఆయన అరచేతిలో పెట్టినా.
లెక్కపెట్టుకోలేదు.
పిడికిలి మాత్రం కోర్టు గేటు దాకా మూసే ఉంది.

అత్త సంగతి ఏ కాలంలో రాయాలో తెలీలేదు.
నాకు జొరమొస్తే కొడుకుని బయట పండమని
నా పక్కన పండుకునేది ఆమె.
కోర్టు ఆయన్నించి నన్ను విడదీస్తుంది, సరే,
ఆమె నించి విడదీయమని నేనెప్పుడు అర్జీ పెట్టినా?
సంతలో కనిపిస్తే ఇప్పుడు ఆమె
టమోటాలే చూస్తుంది, చూస్తానే ఉంటుంది.

రాజీ కూర్చోబెట్టినామె అడిగింది,
"సామాన్లలో నీకేం కావాలమ్మా?"
బీరువా నాన్న కొన్నది. మంచం వాళ్ళది. మిక్సీ చెడిపోయింది.
"సంగటి తెడ్డు" అన్నాను.
దొరస్వామి నవ్వినాడు. గుమాస్తా నవ్వినాడు.
మునిరత్నం నవ్వలేదు.

తర్వాతి వాయిదాకి పేపర్లో చుట్టి తెచ్చినాడు,
బస్సులో రెండు సీట్ల ముందు,
పసిబిడ్డని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకోని.

తీర్పు నకలుకి నూట ఇరవై. అదే ఆఖరి పద్దు.
కింద గీత గీసినా. మొత్తం వెయ్యలేదు.

ఈ పొద్దు సంగటి కెలుకుతా చూసినా,
తెడ్డు ఒక పక్క అరిగి పల్చబడింది,
ఆమె చేతికి సగం, నా చేతికి సగం.
బొటనవేలంత చెక్క లేదు.
యాడికి పోయింటుంది?
ముద్దల్లో కలిసి, రోజుకింత,
ముగ్గురమూ తినేసింటాం.