టోపీ మీద టోపీ

శుక్రవారం పొద్దు గూకక ముందే
జేబులు ఖాళీ చేస్తాను.
ఫోను, చిల్లర,
చెల్లెలు కెజియా కొనిచ్చిన కారం స్ప్రే.
రేపు ఏదీ మొయ్యకూడదు.
తాళంచెవి కూడా పక్కింట్లోనే.

అల్లిపురం నుంచి ప్రార్థనకి పాత ఊరి దాకా నడకే.
పోయిన వారం కురుపాం మార్కెట్ దగ్గర
ఒకడు నా నెత్తి మీది బుల్లి టోపీ లాగాడు.
"ఎవడ్రా నువ్వు?"
యూదుణ్ణి అన్నాను.
"తెలుగు యూదుడేంట్రా!"
ముగ్గురూ నవ్వారు.
నేనూ నవ్వాను.
ఆ నవ్వే ఇంకా నొప్పి.

గరికిన సత్తెయ్య కర్రసాము నేర్పుతాడు
జాలరిపేట ఇసకలో.
"కొట్టడం ఆకర్న, బావూ.
ముందర కాలెక్కడ ఎడతన్నావో సూడు.
సందు దొరికితే జారిపోడమే సాము."

కెజియా క్రికెట్ టోపీ తెచ్చింది.
"దీని కింద అది పెట్టుకో. దేవుడికి కనపడదా?"
కనపడుతుంది.
నాకే కనపడదు.

అంచు దారాలు చొక్కాలోకి దోపాను.
తీశాను. మళ్లీ దోపాను.
ప్రాణం మీదికొస్తే సబ్బాతునైనా దాటమంది ధర్మశాస్త్రం.
మీదికి రావడమంటే ఎంత దగ్గరికో
మూరల్లో చెప్పలేదు.

శనివారం.
దగ్గర దారి వదిలేసి
చేపల గంపలు నడిచే రోడ్డెక్కాను,
తెల్లారకుండానే మనుషులుండే రోడ్డు.
చేతులు ఖాళీ. టోపీ మీద టోపీ.
వెనక ఇరవై అడుగుల దూరంలో
చుట్ట వాసన.
తిరిగి చూడను.
సత్తెయ్యకి సబ్బాతు లేదు,
కర్ర ఉంది.