చిల్లుల బుట్ట

మా అనంతపురానికి సముద్రం
ఇరవై కేజీల బకెట్టులో వస్తాది.
మూత తీస్తే తెల్లటి పొడి.
నెలకొకసారి నేనే కలుపుతా,
ఫిల్టరు నీళ్లు రెండు డ్రమ్ములు,
లీటరుకు ముప్పై అయిదు గ్రాములు.
కట్టెతో తిప్పి తిప్పి ఒక రాత్రి నిలవబెడితే
తెల్లారేసరికి అలల్లేని సముద్రం.
బోరునీళ్లు మాత్రం పనికిరావు.
వాటి ఉప్పు వేరే.
అది మా పండ్ల మీది గారకే తెలుసు.

కమలానగర్‌లో పండ్ల ఆసుపత్రి మాది.
మాది అంటే ఫర్హానా మేడందే.
నేను చీట్లు రాస్తా, పేర్లు పిలుస్తా,
గాజుతొట్టి తుడుస్తా.

మొదట ఒక్కటే చేప.
నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు.
పెద్దోడు అనేదాన్ని.
తోడు లేదని మేడం జాలిపడి
బెంగుళూరులో ఇంకొకటి కొనమంటే
బస్సులో ఒళ్లో పెట్టుకొని తెస్తి.
సంచిలో సగం గాలి, సగం నీళ్లు,
బొటనవేలంత ప్రాణం.
పెనుకొండ దగ్గర ఎండ తగులుతాదని
కొంగు కప్పితి.

పది నిమిషాలు.
పెద్దోడు వాని పక్కరెక్క చించేసినాడు.
మూలకు తరిమి, పంపు గొట్టం వెనక్కి తరిమి,
మళ్లా ఆడికీ పోయి.
జాలి మాది.
తొట్టి వానిది.

ఇంట్లో బియ్యం కడిగే చిల్లుల బుట్ట తెచ్చి
చిన్నోణ్ణి అందులో వేసి
నీళ్లలోనే వేలాడగడితి.
చూడొచ్చు, కొరకలేడు.
పద్దెనిమిది దినాలు
పెద్దోడు ఒక్కో చిల్లుకూ మూతి ఆనించి పోయినాడు,
అద్దె ఇంటి తాళం చూసిపోయే ఓనరు మాదిరి.
మేత వేసినా ముందు బుట్ట తిక్కు చూసి
తర్వాతే తినేది.

పందొమ్మిదో దినం బుట్ట తీస్తిమి.
పెద్దోడు మీదికి దూకినాడు.
చిన్నోడు పారిపోలా.
పక్కకు ఒరిగి, తల నుంచి తోక దాకా
చలిజ్వరమొచ్చినట్ల వణికినాడు.
చచ్చిపోతాండాడు అనుకుంటి.
"కాదు, మాట్లాడతాండాడు" అన్నది మేడం.
"నువ్వే పెద్ద అని."
పెద్దోడు ఆగినాడు.
ఒక చుట్టు తిరిగి పక్కన నిలబడినాడు.

"ఇంక పెద్దోడు అనొద్దు.
ఈ జాతిలో పుట్టేటప్పుడు అన్నీ మగవే.
గెలిచింది ఆడదవుతాది."
బుగ్గలు పట్టుకున్న బెంచీ బెంచీ అంతా
తొట్టి తిక్కు తిరిగింది.
అప్పుడే పన్ను పీకించుకున్న ఓబులేసు పెదనాయన
ఏమో అనబోయి, దూది అడ్డమొచ్చి
చెయ్యి మాత్రం ఊపినాడు.
ఔననో కాదనో ఎవరికీ తెలీలా.

నాకు పిలుపు మారడానికి నెలలు పట్టింది.
నోరు వాడు అనేది.
గాజు తుడిచే చెయ్యిని చురుక్కున కొరికినప్పుడు
అమ్మా, అంటి.
ఆ పొద్దు నుంచి ఆమెనే.

పగిలిన పూలకుండీ పెంకు మీద
కొర్రగింజలంత గుడ్లు.
ఆమె పెట్టి పక్కకు పోయింది, కాపలాకు.
వాడు విసురుతాండాడు.

ఒక రాత్రి, ఆఖరి పేరు పిలిచినాక
కరెంటు పోయింది.
పంపు ఆగి ఆసుపత్రి మొత్తం నిశ్శబ్దం.
బ్యాటరీ పంపు వెతుక్కుంటా
సెల్లు లైటు తొట్టి మీదికి వేస్తి.
వాడు నిద్రపోలా.
గుడ్ల మీదికి నీళ్లు విసురుతానే ఉండాడు,
ఆమె చించిన ఆ రెక్కతోనే,
సగమే మళ్లా మొలిచిన దానితో.
ఆమె వెనక చీకట్లో
నా వేళ్లనే చూస్తాండాది.

అది మన్నింపో, లెక్కో, అలవాటో
నేనెవర్ని అడిగేది?
లైటు ఆర్పేస్తి.

బుట్ట మళ్లా ఇంటికి తెచ్చుకుంటి.
ఒక్కదానికి గ్లాసెడు బియ్యం.
మూడు నీళ్లు కడిగినా
రవ్వంత ఉప్పగా ఉంటాది అన్నం.