చేతులు కడుక్కునే వేళ

సాయంత్రం నాలుగున్నర.
మిర్చియార్డులో ఆఖరి లారీ మీద తాళ్లు బిగుస్తుంటే
సిలార్ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుంటాడు.

ముందు కొబ్బరినూనె, మోచేతుల దాకా.
తర్వాత సున్నిపిండి.
ఆ తర్వాత పుల్లమజ్జిగ,
ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్నది.
గోళ్ల సందుల్లో చీపురుపుల్ల.
అప్పుడు చూపుడువేలు
తన కంటిరెప్పకే ఆనించి చూసుకుంటాడు.
మండితే మళ్లీ మొదటినుంచి.

ఇరవై ఆరేళ్లు ఒకే కొట్లో గుమాస్తాలం.
టిక్కీలోంచి గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి
ఇది తేజ, ఇది బాడిగ, ఇది తాలు
అని చెప్పడం మా పని.
రైతు మొహం చూడకుండా తాలు అనడం
సిలార్‌కి చివరిదాకా చేతకాలేదు.
నాకు రెండో ఏడే వచ్చింది.

ఒక మార్చిలో రత్తయ్యగారు ఇద్దర్నీ పిలిచారు.
"పావలా వాటా. ఒక్కడికే.
రాత్రి పది దాకా కొట్లో ఉండాలి."
సిలార్ ఫ్యాను వంక చూశాడు, గడియారం వంక చూశాడు.
"పావురాలున్నయ్యండీ" అన్నాడు.
ఇంకేదన్నా కారణం చెబుతాడేమోనని ఆగాం.
చెప్పలేదు.

ఎండాకాలం సెలవులిచ్చేదాకా
యార్డంతా తుమ్ముకుంటూ నవ్వుకుంది.
మా ఆవిడ మాత్రం అడిగింది:
"ఎన్ని పావురాలు?"
తెలీదు.
ఇన్నేళ్లు పక్కన కూర్చుని
నేను అడగలేదు.

వాటా నేను తీసుకున్నాను.
తప్పు చేశానని అనను.
పెద్దదాని నర్సింగు చదువు ఆ పావలాలోదే,
బ్రాడీపేటలో రెండు గదులూ ఆ పావలాలోవే.
ఎవరి కాటాలో రాళ్లు వాళ్లవి.

ఒకసారి సంతకం కోసం
ఆనందపేటలో అతని డాబా ఎక్కాను.
బూడిదరంగు పావురాయి కంట్లోంచి
నలక తీస్తున్నాడు,
ఆ చూపుడువేలితోనే.
అది రెక్క కూడా కదపలేదు.
"కాస్త పక్కకి జరుగు, వెలుతురు" అన్నాడు
తల తిప్పకుండా.
జరిగాను.
కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
ఎన్నో లెక్కపెట్టబోయాను గానీ
ఒక్కచోట నిలవవు అవి.

మొన్న రాత్రి లెక్కల పుస్తకం మూసి లేచేసరికి
కొట్లో ఎవరూ లేరు.
నూనె రాసుకున్నాను, మోచేతుల దాకా.
సున్నిపిండి లేదు, సబ్బుతో కానిచ్చాను.
ఎవరి కోసమో తెలియదు.
వేలు రెప్పకి ఆనించాను.

మండింది.
మళ్లీ కుళాయి తిప్పాను.